చెక్క బీరువాలో నీ పాట

తమ్మీ చంద్రం,

గుర్తుందా, ఒక పొద్దున నల్లా నీళ్ళు పట్టి, దీపం పెట్టి భజన ఎత్తుకున్నాను. నువ్వు మొహమైనా కడగకుండా, మంద్రంగా మోగే నీ బాస్ గిటార్‌ను మన చెక్క బీరువాకు ఆనించి వాయించావు. స్పీకరు లేకున్నా బీరువా అంతా మోగింది.

"ఏందిరా, బీరువాల ఎలుకలు పడ్డయా?" అన్నాను.

"నువ్ పాడక్కా. నీ పాట కింద నేనింకో పాట పాడుత," అన్నావు.

నిజంగానే పాడావు. నా గొంతు వణికిన చోట నీ తీగ ఎత్తి పట్టింది.

నువ్వు పోయి నేటికి ఏడాది. సంవత్సరీకం అయ్యాక, మీ బ్యాండులో ఇప్పుడు నీ చోట వాయించే నీ శిష్యుడు పీటర్ వచ్చాడు. బాస్ అంటే ఉత్త తాళం కాదని, అదీ పాడుతుందని నీ దగ్గరే నేర్చుకున్నానన్నాడు. మన నాగ్‌పాడా పేటలో ఇప్పుడు బాస్ పట్టినవాళ్ళందరూ నీలాగే వాయిస్తున్నారట. నాకది చాలదు తమ్మీ. రోజూ భజన మధ్యలో ఆగి బీరువాకు చెవి ఆనిస్తున్నాను. దేవుణ్ణి ఇంకేమీ అడగడం లేదు.

"పోయినోళ్ళ సామాను ఏడాది దాటినంక ఇంట్ల ఉండొద్దక్కా," అన్నాడు మన చిన్నోడు నర్సింగ్. గిటార్ పీటర్‌కు ఇచ్చేసి, నువ్వు ఆనించి వాయించిన ఈ బీరువా కూడా తీసేసి ఇనుపది తెద్దామని సాయంత్రం అందరూ అనుకున్నారు. గిటార్ నా చేత్తోనే ఇచ్చాను. తర్వాత బీరువాకు వీపు ఆనించి కూర్చున్నాను, లేవలేదు. చివరికి, అక్క ఉన్నన్ని రోజులు బీరువా ఉండనీ అన్నారు.