షోలాపూర్ సత్రంలో జొన్న గట్క

షోలాపూర్, 4-10-1948

నర్సింగమ్మ అక్కకు ఎల్లస్వామి దండాలు. నేను బాగానే ఉన్నాను, ఫికర్ చేయకు.

మన చిన్నోడు, తమ్ముడు దశరథాన్ని రజాకార్లు పట్టుకుపోయారని విన్నా, సెలవు దొరకక రాలేకపోయాను. మిల్లులో చెయ్యి ఆడదు. మక్తల్ వైపు నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు ఇక్కడి సత్రంలో ఉన్నారు. వాళ్ళకు గోధుమ రొట్టె దిగడం లేదని, రోజూ షిఫ్టుకు ముందు పోయి జొన్నరవ్వ ఉడికించి గట్క వండుతున్నాను.

నిన్న నేను చంకలో పురాణ గ్రంథం పెట్టుకుని, పాపాత్ముల కోటలను భగవంతుడు కూల్చక మానడని తినడానికి కూర్చున్న బంతి ముందు గొంతు చించుకుంటుంటే, ఈదమ్మ అనే ముసలమ్మ గద్దించింది: "నీ పురాణం ఆపు కొడుకా, గట్క సల్లారుతాంది. నా చేతులు వణుకుతున్నయి, జర నోట్ల పెట్టు." పెట్టాను. చనిపోయిన తన కొడుకు పేరుతో నన్ను పిలిచింది. పలికాను. ఆమె మూతి తుడుస్తుంటే నా చేతులకు ఇంకా పని ఉందనిపించింది.

ఎద్దును అమ్మకు. అవ్వకు కన్ను నయమైందా? నిజాం లొంగిపోయాక జైళ్ళు తెరిచారట, చిన్నోడు వచ్చాడా? లేడని తెలిసినా దాచకుండా రాయి. నీ కార్డు అందిన రోజు కూడా నేను సత్రానికే పోతాను. పోకపోతే బతకలేను అక్కా.

పిల్లలను భగవంతుడు చల్లగా చూడాలి.

ఎల్లస్వామి