పోలిపాడ్యమికి అర్పా ఒడ్డు గేటు

బిలాస్‌పూర్,
కార్తీక బహుళ దశమి, 1989.

నదీతీర తోటల పర్యవేక్షకులు శ్రీ వెంకటేశ్వరరావు గారి సముఖమునకు, రైల్వే షెడ్ ఫిట్టరు బొడ్డేపల్లి సన్యాసిరావు వ్రాసుకొను మనవి.

అయ్యా,

విషయం: పోలిపాడ్యమినాడు తెల్లవారకముందే ఒడ్డు గేటు తీయించుట గురించి.

తమరు తెలుగువారని తెలిసి తెలుగులోనే వ్రాయుచున్నాను. హిందీలో ఒకరిచేత వ్రాయించి ఇచ్చిన అర్జీ ఏ బల్ల కింద ఉన్నదో తెలియదు.

1. అర్పా ఒడ్డున ప్రజల సౌకర్యార్థము తోట వేసి, ప్రజలు రాకుండా ఇనుప కంచె కట్టి, గేటుకి తాళం వేసియున్నారు. నా భార్య అప్పలనర్సమ్మది కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసేచోట ఓడలు ఆగిన రేవు అది. సరంగులు, బెస్తలు, పంతుళ్లు అందరూ అక్కడ దిగేవారు, ఇక్కడి ఏటికి తాళమేమిటని ఆమె అడుగుతోంది.

2. కార్తీకం ముగిసిన మర్నాడు అరటిదొప్పలో దీపం పెట్టి, పోలమ్మను స్వర్గానికి సాగనంపుతూ ఏటిలో వదులుట మా ఆడవారి ఆచారం. సూర్యోదయానికి ముందే వదలవలెను. నిరుడు మీ చౌకీదారు "సాత్ బజే ఖులేగా, అమ్మా" అని కదలలేదు. స్వర్గం ఏడింటిదాకా ఆగదని అతనికి హిందీలో చెప్పలేకపోయాను.

3. గత్యంతరం లేక షెడ్ వెనక నీళ్లతొట్టిలో వదిలించితిని. నా బుద్ధి గడ్డి తిన్నది. తొట్టిలో నీరు పారదు కదా. దీపం తిరిగి తిరిగి ఆమె చేతి దగ్గరికే వచ్చింది. తోసింది, మళ్లీ వచ్చింది. "ఏటండీ, పోలమ్మ ఎల్లట్నేదు! రేపు నాకూ దారి దొరకదేటి?" అని అక్కడే కూలబడి ఏడ్చింది.

4. తదుపరి ఆమె మంచం పట్టినది. జబ్బుకీ దీపానికీ సంబంధం లేదని డాక్టరు గారు సెలవిచ్చారు. ఆపైన ఆయన మందులు వ్రాయటం కూడా మానేశారు. ఈసారి పారే నీటిలోనే వదలాలని ఆమె పట్టు. నాకు ఒకచోట కాలు నిలవటం లేదయ్యా. డ్యూటీలో పానా చేతిలో ఉండగానే పానా కోసం వెతుకుతున్నాను. భయంగా ఉంది.

కావున తమరు ఈ నాలుగు ముక్కలూ చిత్తగించవలెను. ఆ ఒక్క తెల్లవారుజాముకు తాళం తీయించవలెను.

ఇప్పటివరకు తమ విధేయుడు,
బి. సన్యాసిరావు

తా.క. తాళం తీయకపోయినా మేం వస్తాం. కంచె మీదుగా ఆమెను అవతలికి అందిస్తాను. కేసు పెడతారో, ఏం చేస్తారో తర్వాత చూసుకుందాం. అవతల నిలబడి అందుకోవడానికే మనిషి లేడు. మీ చౌకీదారుని కాస్త చేతులు చాపి నిలబడమనండి. మోయలేనని భయపడొద్దనండి, ఇప్పుడామె బరువేమీ లేదు.