కొత్త పురుగుకు మందు వచ్చింది

మంగళవారం, రాత్రి

ఒళ్లు మండిపోతోంది. నల్లమల అడవిలో ఆకులు ఏరి తెచ్చి, మైక్రోస్కోపు కింద కళ్లు లాగేదాకా చూసి, ఇంతవరకూ ఎవరికీ తెలియని ఒక కందిరీగను వర్ణించి పేరు పెట్టాను. సూదిమొన మీద పట్టేంత ప్రాణి. రెక్కల అంచున కుచ్చులా వెంట్రుకలు. మిరపాకును ముడిచేసే తామర పురుగు గుడ్డులోనే తన గుడ్డు పెడుతుంది. దీని పిల్ల ఆ గుడ్డును తినేసి బయటికొస్తుంది. ఇదంతా విలేకరికి ఫోనులో విడమరిచి చెప్పాను. ఈ పొద్దున పేపర్లో ఏం వేశాడు? ‘నల్లమలలో కొత్త పురుగు’. అంతే.

పురుగు అనే మాట వినపడితే చాలు, మా ఊళ్లో చెయ్యి స్ప్రేయరు మీదికి పోతుంది. మధ్యాహ్నానికల్లా పురుగుమందుల కొట్టాయన బోర్డు మీద రాసేశాడు: ‘కొత్త పురుగుకు మందు వచ్చింది.’ నిన్నగాక మొన్న నేను పేరు పెట్టిన ప్రాణిని చంపే మందు అప్పుడే సీసాలో తయారుగా ఉందట.

అన్నయ్య ఆ సీసా తెచ్చి చేనంతా కొట్టేశాడు. నేను వెళ్లేసరికి ట్యాంకు కడుగుతున్నాడు.

“అది మిరపను తినదన్నయ్యా. మిరపను తినేదాన్ని తింటుంది” అన్నాను.

“పురుగన్నాక పురుగే గదమ్మా. మంచిదో చెడ్డదో మందుకేం తెలుసుద్ది?”

మా చేలో కూడా అది ఉందేమోనని రేపు మిరపాకులు కోసి చూద్దామనుకున్నాను. ఇంకేం చూడను...

అన్నం దగ్గర నా మొహం చూసి అన్నయ్య ఓదార్చాడు.

“దిగులు పడమాకు. నీ పురుగు ఒక్కటి కూడా మన చేలో మిగల్లేదు.”