అద్దాల డ్రైవరు

1961 ఏప్రిల్ 17, సోమవారం. హిందూపురం.

లైసెన్సు రెన్యువలుకు డాక్టరు సర్టిఫికెట్ కావాలన్నారు. వెళ్లాను. గోడ మీది అక్షరాల పట్టీ చదవమన్నాడు డాక్టరు. పై రెండు వరుసలు గడగడా చదివాను. మూడో వరుస ఒకటి ఉందని ఆయన చెబితేనే తెలిసింది.

"ఏం పని చేస్తావు?"

"ట్యాక్సీ తోల్తా సార్. పద్నాలుగేండ్లాయ."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు.

మా నాయన ధర్మవరంలో మగ్గం గుంటలో కూర్చుని పట్టుపోగులు చూసి చూసి చూపు పోగొట్టుకున్నాడు. నా కళ్లయినా దక్కాలని మగ్గం వదిలి స్టీరింగు పట్టుకున్నాను. నలభై మూడేళ్లకే ఇదీ సంగతి.

డాక్టరు చెప్పినవి, నేను ఒట్టు వేసుకున్నవి:

కళ్లద్దాలు లేకుండా బండి తీయను.
బండిలో ఐదుగురే.
గంటకోసారి దిగి నాలుగడుగులు నడవాలి, నీళ్లు తాగాలి. (నడుం నొప్పికి మందు ఇదేనట.)
నిద్ర వస్తే బండి ఆపి పడుకోవాలి.
బీడీ బంద్.

రుక్మిణమ్మకు చదివి వినిపించాను. "ఎన్ని దినాలకు?" అంది. జీవితాంతం అన్నాను. ఆమె పొయ్యి వైపు తిరిగింది.

ఏప్రిల్ 20, గురువారం.

కళ్లద్దాలు వచ్చాయి. నల్ల ఫ్రేము.

ఉదయం 7 గంటలు: వేపచెట్టుకు ఆకులు విడివిడిగా ఉన్నాయి.
7.30: నా బండి బానెట్టు మీద ఇన్ని సొట్టలు ఎప్పుడు పడ్డాయో.
8: ఎదురింటి జయరాముడు రోజూ నన్ను చూసి నవ్వుతాడనుకునేవాణ్ని. నవ్వడం లేదు. అతని పళ్లు అలా ఉన్నాయి.

భోజనానికి కూర్చున్నప్పుడు రుక్మిణమ్మను అడిగాను. "నీకు వెంట్రుకలు ఎప్పుడు నెరిసినాయి?"

"నాలుగేండ్లాయ. నువ్వు చూసీ చూడనట్ల ఉండావని సంతోషపడ్తాంటి. ఇంట్లో ఉన్నప్పుడు అవి తీసెయ్."

బీడీ లేకుండా మూడు రోజులు. కొత్త మనిషిని అయ్యాను.

ఏప్రిల్ 21, శుక్రవారం.

స్టేషను ముందు స్టాండు. ఉదయం రైలుకు దిగిన పెద్దక్క అనే ఆమె, కొడుకుతో సహా నా బండి దాకా వచ్చింది. తలుపు తీసి పట్టుకున్నాను. నా ముఖం చూసి ఆగిపోయింది.

"ఏమప్పా, కండ్లు కనపడవా నీకు?"

"కనపడతాయమ్మా. దానికే గదా అద్దాలు."

"కనపడితే అద్దాలెందుకు?" కొడుకు వైపు తిరిగింది. "ఈ బండొద్దు రా. యాడన్నా గుంతలో పడేస్తాడు."

పోయి నల్లప్ప బండి ఎక్కారు. అందులో అప్పటికే ఎనిమిది మంది ఉన్నారు. నల్లప్ప ఎదురుగా వచ్చే లారీని హారను విని గుర్తుపడతాడని స్టాండంతటికీ తెలుసు. కానీ అతని ముక్కు మీద ఏమీ లేదు.

సాయంత్రం దాకా ఒక్క బేరం రాలేదు.

ఏప్రిల్ 23, ఆదివారం.

ఉపాయం దొరికింది. స్టాండులో అద్దాలు జేబులో. ఊరు దాటాక కళ్లకు.

లేపాక్షికి ఐదుగురు దొరికారు. ఊరు దాటాను, బండి ఆపి అద్దాలు తీసి పెట్టుకున్నాను. బండిలో అందరూ ముందుకు వంగి చూశారు.

"అంటే... ఇంతసేపు కనపడకనే తోలినావా అబ్బా?" వెనక సీటు నుంచి ఒకాయన అడిగాడు.

ఇద్దరు దిగి బస్సు కోసం నిలబడ్డారు.

ఏప్రిల్ 26, బుధవారం.

అద్దాలు డ్యాష్‌బోర్డు పెట్టెలో భద్రంగా ఉన్నాయి. దుమ్ముకు గీతలు పడకూడదు కదా. తెలిసిన రోడ్డే. పద్నాలుగేళ్ల రోడ్డు.

ఈ రోజు ఆరుగురు. ఆరో మనిషి బక్కపలచని ముసలాయన. సగం మనిషి కింద లెక్క.

గంటకోసారి దిగి నడిస్తే బండి చెడిపోయిందనుకుంటున్నారు. పెనుకొండకు పోయే షావుకారు ఒకాయన నేను నీళ్లు తాగుతుంటే కిందికి వంగి చక్రాలు చూశాడు. ఇక దిగను. బండిలోనే కాళ్లు కదిలిస్తాను.

ఏప్రిల్ 29, శనివారం.

ఏడుగురు. చంటిపిల్లలు లెక్కలోకి రారు.

బీడీ ఒకటి. ఎండకు నిద్ర వచ్చింది కాబట్టి. భద్రత కోసమే.

మే 1, సోమవారం.

ఎనిమిది. బీడీలు లెక్క పెట్టలేదు.

పరిగి రైతు ఈరన్న వచ్చాడు. కూతురు చౌడేశ్వరికి పెళ్లట. బుధవారం ధర్మవరం పోయి చీరలు తేవాలి. ఎంతమంది అని అడిగాను. ఇంటివాళ్లమే అన్నాడు.

మే 4, గురువారం.

పక్కటెముకలకు కట్టు కట్టారు. గట్టిగా ఊపిరి తీస్తే నొప్పి. అయినా నిన్నటిది రాయాలి.

ఇంటివాళ్లు తొమ్మిది మంది. ముందు సీట్లో నా పక్కన ఈరన్న, కిటికీ దగ్గర అతని తల్లి రామాంజినమ్మ. డెబ్బై ఆరేళ్లు. పోయేటప్పుడు ఏమీ కాలేదు. ధర్మవరంలో చీరలు చూసేసరికి ఒంటిగంట. తర్వాత నెయ్యి పోసిన తీపి ఓళిగలతో భోజనం. కళ్లు మూతలు పడుతున్నాయి. అరగంట పడుకుంటానన్నాను.

"పొద్దు మునిగేలోపల చీరలు దేవుని ముందర పెట్టల్లప్పా. తోల్తా తోల్తా ఒక బీడీ కాల్చుకో" అన్నాడు ఈరన్న.

నేనూ అదే అనుకున్నాను.

పెనుకొండ దాటేటప్పటికి మూడున్నర. రోడ్డు నీళ్లలా మెరుస్తోంది. వెనక అందరూ నిద్ర. ఈరన్న తల నా భుజం మీద వాలింది. బీడీ ఎప్పుడు ఆరిందో తెలియదు. దూరంగా తెల్లగా ఏదో అడ్డం కనిపించింది. ఎండ అనుకున్నాను.

"గేటు ఏసుండాదబ్బా" అంది ముసలామె. అరవలేదు. ఈరన్న మీదుగా చెయ్యి చాచి నా మోచేతిని మాత్రం గట్టిగా గిచ్చింది.

అప్పుడు రైలు కూత వినపడింది. బ్రేకు తొక్కాను, స్టీరింగు తిప్పాను. బండి రోడ్డు దిగి, చేను గట్టు ఎక్కి, కంపచెట్లలోకి పోయి ఒక పక్కకు ఒరిగి ఆగింది. స్టీరింగు నా గుండెకు గుద్దుకుంది. గేటుకూ మాకూ మధ్య పది గజాలు లేవు. రైలు పెట్టెలు ఒక్కొక్కటే పోతుంటే చూస్తూ కూర్చున్నాను. చివరి పెట్టె పోయాక గానీ వెనక ఏడుపులు చెవికెక్కలేదు.

దిగి తలలు లెక్కపెట్టాను. తొమ్మిది. మళ్లీ లెక్కపెట్టాను. తొమ్మిదీ ఉన్నాయి. రామాంజినమ్మ కుడిచెయ్యి మణికట్టు దగ్గర వంకరగా వేలాడుతోంది.

మే 5, శుక్రవారం.

స్టాండువాళ్లంతా ఇంటికి వచ్చారు. ఈరన్న ఊరంతా చెబుతున్నాడట. "మేమంతా నిద్రలో ఉంటిమి. ఆయప్ప ఒక్కడే గేటు చూసి మా ప్రాణాలు కాపాడినాడు. ఏం కండ్లప్పా అవి, గద్ద కండ్లు."

స్టాండులో నా తోటి డ్రైవరు నారాయణ నిమ్మకాయలు తెచ్చాడు. రుక్మిణమ్మ నా వైపు చూసింది. అద్దాలు ఎక్కడున్నాయని అడగలేదు. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

మే 6, శనివారం.

బస్సెక్కి పరిగి పోయాను. రామాంజినమ్మ చేతికి వెదురు బద్దలతో కట్టు. అరుగు మీద ఒక్కతే కూర్చుని ఉంది.

"గేటు నేను చూడల్యా అవ్వా" అన్నాను.

"తెలుసు. నేను గిచ్చినా గదా."

"మీ కొడుక్కి చెప్పలేదే?"

"చెప్తే నిన్ను తంతాడు. తంతే నా చెయ్యి అతుక్కుంటాదా?" కట్టు సర్దుకుంది. "నీకు చూపు ఆనదా?"

అద్దాల సంగతంతా చెప్పాను. ఎవరూ ఎక్కడం లేదని, అందుకే పెట్టెలో పెట్టానని చెప్పాను.

"చూసే కండ్లు పెట్టెలో పెట్టి, తొమ్మిది మందిని నా కండ్ల మీద తోల్తివే" అంది. "నాకు డెబ్బై ఆరు నాయనా."

మళ్లీ బస్సులో వచ్చేటప్పుడు కూర్చోవడానికి సీటు దొరికినా నిలబడే వచ్చాను.

మే 8, సోమవారం.

సొట్టలు తీయించి బండి స్టాండుకు తెచ్చాను. అద్దాలు పెట్టుకుని నిలబడ్డాను. బేరాలు తోసుకుంటూ వచ్చాయి. గేటు చూసిన డ్రైవరు ఈయనే అని వేలు చూపిస్తున్నారు.

అందరి ముందూ చెప్పాను. "ఆ పొద్దు గేటు నేను చూడలేదు. అద్దాలు పెట్టుకోలేదు. నిద్రపోతాంటి."

నారాయణ నవ్వాడు. "చూడండి, ఇంత చేసి కూడా గొప్ప చెప్పుకోడు."

సాయంత్రానికి నల్లప్ప కూడా అద్దాలు కొన్నాడు, సంతలో. పవరు ఉందా అని అడిగితే, ఫ్రేము బాగుండాది అన్నాడు. అతని బండిలో పది మంది.

మే 9, మంగళవారం.

మళ్లీ మొదటి రోజు. కళ్లద్దాలు. ఐదుగురు. గంటకోసారి దిగడం. నిద్ర వస్తే ఆపడం. బీడీ లేదు.

పెళ్లి అగళిలో, రేపు. ఈరన్న ఇంటి ముందు మళ్లీ తొమ్మిది మంది తయారు. ఐదుగురే అన్నాను. ఈరన్నకు కోపం వచ్చింది. "అంత పెద్ద కండ్లుండి, నలుగురికి తావు కనపళ్యా?"

రామాంజినమ్మ కట్టు చేతితోనే వచ్చి ముందు సీట్లో కూర్చుంది. "ఆరోవాడు ఎక్కితే నేను దిగతా. ఈరన్నా, నువ్వు బస్సుకు రా."

పెళ్లికూతురి తండ్రి బస్సుకు పోయాడు.

హిందూపురం దాటాక ముసలామె మొదలుపెట్టింది.

"అదేమి?"

"ఎనుము అవ్వా."

"దాని పక్కన?"

"దూడ."

"ఆ రాయి మీద ఏమి రాసుండాది?"

"మడకశిర ఎనిమిది మైళ్లు."

మడకశిరలో ఆపాను. దిగి నడిచాను, నీళ్లు తాగాను. అందరూ బండిలో కూర్చుని నన్ను చూశారు. బయలుదేరగానే మళ్లీ ప్రశ్నలు. గొర్రెలు ఎన్ని, చెట్టు కింద నిలబడింది ఆడమనిషా మగమనిషా. అన్నిటికీ చెబుతూ పోయాను.

అగళి ఇంకా మూడు మైళ్లుందనగా అడగడం ఆగిపోయింది. పక్కకు చూశాను. కట్టు చెయ్యి ఒళ్లో పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి, నిద్రపోతోంది.

మళ్లీ రోడ్డు వైపు చూశాను.