మీ అమ్మ వినని నాలుగు మాటలు

ఎమ్మిగనూరు,
14 జూన్ 2025.

చి.సౌ. పద్మప్రియకు,

చౌడేశ్వరమ్మ చల్లని చూపు నీ మీదా, నీ కడుపులోని పసిగుడ్డు మీదా ఉండాలని కోరుకుంటూ మీ నాన్న మునిరత్నం దీవెనలు. మీ ఆయన శివప్రసాద్‌కూ, మీ అత్తమామలకూ మా నమస్కారాలు చెప్పు.

ఇక్కడ మేమంతా బాగున్నాం. ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావు కదూ? నువ్వు హలో అనగానే మీ అమ్మ ఫోను లాక్కుంటుంది. నాకు దక్కేది చివర్లో 'ఉంటా నాయనా' ఒక్కటే. అందుకే నా వంతు కాగితం మీద తీర్చుకుంటున్నాను.

ఏడో నెల వచ్చినా పుట్టింటికి తీసుకురాలేదని అలిగావట. కోపంలో నీది మీ మేనమామ పోలికే. ఆయనే ఇప్పుడు నీ మామగారు కూడా, ఇక మేమెవరితో చెప్పుకోవాలి? ఇంటికి సున్నం కొట్టిస్తున్నాం తల్లీ, ఆ వాసన నీకు పడదని మీ అమ్మ భయం. తొమ్మిదో నెల రాగానే నేనే ప్రొద్దుటూరు వచ్చి తీసుకొస్తాను.

తమ్ముడి సంగతి అడిగావు. చైతన్య ఇంకా కర్నూలు ఆస్పత్రిలోనే ఉన్నాడు. గొంతు బొంగురుపోయిందని మాట్లాడొద్దన్నారు, అందుకే నీ ఫోను ఎత్తడం లేదు. ఒకనాడు దగ్గు కాస్త తెరిపిచ్చాక, అక్క బిడ్డకు సైకిలు నేనే నేర్పిస్తా, నువ్వు అడ్డం రావద్దు నాయనా అని నన్ను బెదిరించాడు.

ఎండలో యాడికీ పోవద్దు, బరువులు ఎత్తద్దు అని మీ అమ్మ రాయమంటాంది. రాశాను. వేళకు తిను.

ఇట్లు,
మీ నాన్న
మునిరత్నం

తా.క.: పైదంతా మీ అమ్మకు చదివి వినిపించాను. బాగుండాదని కళ్లు తుడుచుకుంది. ఇది మాత్రం పోస్టాఫీసులో నిలబడి రాస్తున్నాను. చైతన్య లేడమ్మా. పోయిన నెలాఖరున కర్నూలులోనే కన్నుమూశాడు. కడుపుతో ఉన్న బిడ్డకు చావు కబురు చెప్పకూడదని మీ అమ్మా, మీ అత్తమామలూ, శివప్రసాదూ ఒకే మాట మీదున్నారు. నేనూ తలూపాను. సైకిలు మాట మాత్రం వాడు అన్నదే.

వాడిది క్షయ కాదట. నూలు ధూళి వల్లనే దగ్గని మగ్గం పీకేశామే, అదీ కాదట. ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం పేరుకుని, ఎన్ని మందులు వాడినా క్రిములు మళ్లీ మళ్లీ చేరడం పుట్టుకతో వచ్చిన లోపమట. అది నాలోనూ మీ అమ్మలోనూ మాకు తెలియకుండా దాగి ఉండి, రెండు వైపుల నుంచీ వాడికి చేరింది. నువ్వేమో మీ అమ్మ అన్న కొడుకునే చేసుకున్నావు. మీ ఇద్దరిలోనూ అది ఉండవచ్చు, ఉంటే బిడ్డకూ చేరవచ్చు.

కాన్పయినంక చెప్దామంటాంది మీ అమ్మ. కర్నూలు డాక్టరమ్మ మాత్రం, ఇప్పుడే ఇద్దరి రక్తం చూపించుకోవాల, బిడ్డకు పుట్టినంక తొందరగా పరీక్ష చేయించాల, మొదటి నుంచీ మందులు పడితే శానా ఏండ్లు బతుకుతారు అని నాకు మరీమరీ చెప్పింది. చైతన్యకు ఆ మాట చెప్పేవాళ్లే లేకపోయారు.

మీ అమ్మ తిట్లు నేను పడతాలే. మనసు తీరా ఏడువు తల్లీ. ఏడ్చినంక లేచి, శివప్రసాద్‌ను వెంటబెట్టుకొని ఆస్పత్రికి పో.