తొమాసా చిన్నమ్మమ్మను మళ్లీ బతికించే వీలునామా

బతికున్న మనిషిని చంపడం అన్యాయం. ఆ పని చేసింది మా అమ్మమ్మ హెర్లిందా ఓల్వేరా. చచ్చింది ఆమె సొంత చెల్లెలు తొమాసా. ఆ చచ్చినావిడ మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటుంది. ఈ ఉదయమే రొట్టెలు కొనుక్కుని వెళ్లింది.

అమెరికా సరిహద్దు ఊరు లరేడో వాసి, ఇరవై నాలుగేళ్ల ఎలీసియో కాంతూ అనే నేను, సోమవారం నా పెద్దపేగులో సగం కోయించుకోబోతూ, స్థిరమైన బుద్ధితో, అంతకన్నా స్థిరమైన కోపంతో, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్నాను.

1. నేర వివరం. రెండేళ్ల కిందట నాకు విరేచనంలో రక్తం పడుతోందని అమ్మమ్మతో ఆసుపత్రికి వెళితే, ఒక డాక్టరు మా వంశవృక్షం గీశాడు. ఆయనకు మా స్పానిష్ రాదు. ఫోన్లో ఎవరిదో గొంతు అనువదించింది. "మీ చెల్లెలు?" అని అడిగితే అమ్మమ్మ, "చిన్నప్పుడే ఆటలమ్మ పోసి పోయింది నాయనా" అంది. మొక్కజొన్న పిండి తమాలెలు ఉడికించే గుండిగ ఎవరిదన్న తగువుతో వాళ్లకు ముప్పయ్యేళ్లుగా మాటల్లేవు. కాగితం మీద తొమాసాకు అడ్డగీత పడింది, ఆవిడ పేగు క్యాన్సర్ కూడా దాంతోపాటే మాయమైంది. మా అమ్మ లారీ కింద పడి పోయింది గనుక ఆమెలో జబ్బు బయటపడే వేళే రాలేదు. "మీ వంశంలో ఏమీ లేదు, వెళ్లిరండి" అన్నారు. వెళ్లాం. నాకు గడ్డ వచ్చింది. దాచిన సమాచారం దోచిన హక్కని నేను వీధుల్లో పంచే కరపత్రాల్లో ఊరికే రాయలేదు!

2. నా కరపత్రాలన్నీ జన్యు సలహాలిచ్చే యెసేనియా గారికి. గడ్డ తేలాక వచ్చిన ఆమె, జబ్బు వచ్చే శాతాలతో మొదలుపెట్టలేదు. మా వంటింట్లో కూర్చుని, కాఫీ తాగి, "ఎవరెవరు పోతే తొమ్మిది రోజుల ప్రార్థన చేయించారమ్మా?" అని అడిగారు. అమ్మమ్మ వేళ్లు మడిచి అందరినీ చెప్పింది. "మరి తొమాసా గారికి?" డాక్టరుతో అబద్ధమాడుతుంది గానీ, ప్రార్థన విషయంలో ఆడదు. "దానికెందుకు? పేగు కోసి పారేసినా రాయిలా తిరుగుతోంది!" అంది. నేను కుర్చీని తన్నాను. యెసేనియా గారు ఇంకో కప్పు కాఫీ అడిగారు.

3. గుండిగ నా చెల్లెలు నయేలికి. తొమాసాకు దక్కకూడదని అమ్మమ్మ దాన్ని నా పేర పెట్టింది. షరతు: నయేలి రక్తపరీక్ష చేయించుకోవాలి. నాలో దొరికిన, ఈ జబ్బు తెచ్చే జన్యువు తనకూ ఉండే అవకాశం సగానికి సగం. "తెలియకపోతే రాదులే అన్నయ్యా" అంటుంది. కిటికీ మూసుకుంటే బయట ఆరేసిన బట్టలు తడవవా? చేయించుకోకపోతే గుండిగ చర్చి ఫాదర్‌కి. ఆయన అందులో కుక్కకు స్నానం చేయిస్తాడు.

4. మింగిన కోపమే పేగులో పుండవుతుందని అమ్మమ్మ వాదన. అదే నిజమైతే నాకు రానే రాకూడదు. నేను ఒక్క కోపమూ మింగి ఎరగను.

5. దీనికి ఇద్దరు సాక్షులు కావాలి. అడుగున ఒకదాని కిందే ఒకటి రెండు గీతలు గీశాను. ఒక్కరే సంతకం చేస్తే చెల్లదు. సాక్షులకు ఆస్తి రాయకూడదట, అందుకే అమ్మమ్మా, నీకు ఏమీ రాయలేదు. నా రేడియో మాత్రం నేను బతికుండగానే వచ్చి తీసుకో.

తొమాసా చిన్నమ్మమ్మ పిల్లలు ఐదుగురికీ ఈ జన్యువు సంగతి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. యెసేనియా గారు కొత్త వంశవృక్షం గీస్తారు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి మా వంటింటికి అందరూ రండి. చచ్చినవాళ్లతో సహా.

లరేడో, 14 మార్చి 2019
(సంతకం) ఎలీసియో కాంతూ

సాక్షులు:
హెర్లిందా ఓల్వేరా ____________
తొమాసా ఓల్వేరా, బతికే ఉంది ____________