మందారాన్ని పీకకు

ఏమోయ్, బడిలో పాఠాలు చెప్పి రాగానే పెరట్లోకి వెళ్లి మందారాన్ని పీకెయ్యకు. ఆకు ముడత గులాబీలకు అంటుకుంటుందని నిన్న నీ నుదురు కూడా ముడుచుకుంది కదా, అది అంటురోగం కాదు. నువ్వు వెళ్లాక కళ్లజోడు పెట్టుకుని, ముడుచుకున్న ఆకులన్నీ తిప్పి చూశాను. పేనుబంక ఎప్పుడో చచ్చింది. జిగురు లేదు, చీమలూ లేవు.

అసలు తెగులు మనమే. నేను ఆఫీసుకు వెళ్లిపోయాననుకుని మీ అమ్మగారు పురుగుమందు స్ప్రే సీసాతో వచ్చారు. "మీరిద్దరూ వెళ్లాక రోజూ నేనే కొడుతున్నా బాబూ, మీకు తీరికెక్కడిది" అన్నారు. పొద్దున్నే నువ్వు కొడుతున్నావు. నువ్వు మరిచిపోతావేమోనని సాయంత్రాలు నేను గుట్టుగా కొడుతున్నాను. మందారం కాస్తా మందుబాబు అయిపోయింది.

కాబట్టి ఇవాళ ఆకుల్ని ఉత్త నీళ్లతో కడుగు. తొట్టిని ఎండలోంచి వరండాలోకి జరుపు. వారం దాకా ఎవరూ వైద్యం చెయ్యొద్దు. అది మామయ్య చేత్తో పెట్టిన మొక్క. పీకేస్తే అత్తయ్య పైకి ఏమీ అనరు గానీ, ఇక పెరట్లోకే రారు.

నాకూ పది రోజులుగా దగ్గు. ఈ ఇంట్లో ఒక్కరైనా ఒక్క చెంచా మందు పోశారా? నాకూ ఆకులుంటే పోసేవారేమో.

మరిచాను, స్ప్రే సీసా కోసం వెతక్కండి. నా సంచిలో ఆఫీసుకు తీసుకెళుతున్నాను. మీ మీద అనుమానంతో కాదు. ఇదంతా రాశాక కూడా, బయలుదేరుతూ నేనే ఇంకోసారి కొట్టబోయాను.